మొబైల్ యాప్ ప్రకటనలు - వాడుకరి సమ్మతి

వాడుకరి సమ్మతి అనగా మొబైల్ యాప్ ఒక వ్యక్తి సమాచారాన్ని సేకరించుటకు, ఇతరులకు అందించుటకు ముందుగా ఆ వ్యక్తి నుండి పొందవలసిన అనుమతి. ఉచితంగా లభించే యాప్‌లలో చాలా వాటికి ప్రకటనలే ఆదాయ మార్గం. ఏ ప్రకటన ఎవరికి చూపవలెనో నిర్ణయించుటకై వాడుకరుల కదలికలను గమనిస్తారు.

పనిచేయు విధానం

స్మార్ట్‌ఫోనులో ప్రకటనల కొరకు ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. అందులో యజమాని పేరు గానీ ఫోను నెంబరు గానీ ఉండవు. అయితే వేర్వేరు యాప్‌లు ఇదే సంఖ్యను చదువుతాయి. కనుక ఉదయం పంట ధరలు చూసినదీ, రాత్రి ఆట ఆడినదీ ఒకరేనని ప్రకటనల సంస్థకు తెలుస్తుంది. తిరిగే చోట్ల వివరం కూడా తోడైతే పేరు లేకున్నా మనిషిని పోల్చవచ్చును.

2021 ఏప్రిల్‌లో విడుదలైన ఐఓఎస్ 14.5 నుండి, ఇట్లు అనుసరించుటకు ప్రతి యాప్ ముందుగా అడిగి తీరవలెనని యాపిల్ సంస్థ నియమం పెట్టినది. ఆండ్రాయిడ్‌లో ఆ ప్రశ్న ఎదురు కాదు. వాడుకరే సెట్టింగులలోనికి వెళ్ళి ఆ సంఖ్యను తొలగించుకొనవలెను. భారతదేశంలో అత్యధికం ఆండ్రాయిడ్ ఫోనులే కావున ఈ భేదం చిన్నది కాదు.

అప్పుల యాప్‌ల ఉదంతం

ఇది ప్రకటనలకు సంబంధించినది కాకున్నా, చదవకుండా ఇచ్చిన అనుమతి ఎంత దూరం పోగలదో తెలుగువారికి తెలియజేసినది. 2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు తక్షణ రుణ యాప్‌ల నిర్వాహకులపై కేసులు నమోదు చేసి పలువురిని అరెస్టు చేసినారు. వాయిదా తప్పిన వారి బంధుమిత్రులకు సందేశాలు పంపి అవమానించినారన్నది ప్రధాన ఆరోపణ. ఆ వేధింపులకు తాళలేక కొందరు ఆత్మహత్య చేసుకున్నారు. బంధువుల నెంబర్లు యాప్‌కు చేరినది వాడుకరి నొక్కిన అనుమతి వలననే. రుణ యాప్‌లు ఫోనులోని నెంబర్ల జాబితాను, కాల్ వివరాలను, ఫైళ్ళను తాకరాదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు 2న ఆదేశించినది.

చట్టం

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది సభ్యుల ధర్మాసనం తీర్పు చెప్పినది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చినది. దీని నియమావళి 2025 నవంబరులో వెలువడినది. సమ్మతికి సంబంధించిన విధుల అమలుకు 18 నెలల గడువు ఇచ్చినారు.

చట్టంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. వైద్య సలహా ఇచ్చే యాప్ ఫోనులోని నెంబర్ల జాబితాను కూడా అడిగి, వాడుకరి రెండింటికీ ఒప్పుకున్ననూ, ఆ సమ్మతి వైద్య సలహాకే చెల్లుతుంది. సమ్మతిని ఇచ్చినంత సులభంగా వెనుకకు తీసుకొనే వీలు కూడా ఉండవలెను. 18 ఏళ్ళ లోపు వారిని అనుసరించి వారికి గురిపెట్టిన ప్రకటనలు చూపుట నిషిద్ధం.

భాష

సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలోనైనా గానీ చదువుకొనే వీలు కల్పించవలెను. కర్ణాటక సరిహద్దున ఉన్న అనంతపురం జిల్లా గుమ్మఘట్ట వంటి మండలాలలో తెలుగు, కన్నడం రెండూ అవసరం కావచ్చును. ఆ రెండూ షెడ్యూలులో ఉన్నాయి. చదువురాని వాడుకరికి నోటీసును వినిపించవలెనన్న నిబంధన మాత్రం చట్టంలో లేదు.