టిక్కీ దించకముందే ధర చూడాలి

గుంటూరు: ఆసియాలోనే అతిపెద్దదిగా పేరున్న గుంటూరు మిర్చియార్డులో 2025 ఆరంభంలో ధరలు పడిపోయాయి. మార్కెట్‌ జోక్య పథకం కింద కేంద్రం క్వింటాకు రూ.11,781 ప్రకటించాల్సి వచ్చింది. ఎగుమతి గిరాకీ తగ్గడమూ అందుకు ఒక కారణం. అందువల్ల రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, కారంపొడి యూనిట్లు పెట్టదలచినవారు స్థానిక ధర ఒక్కటే చూస్తే చాలదు. తేజ రకాన్ని ఘాటు కోసం, ఓలియోరెసిన్‌ తీసేందుకు చైనా కొంటుంది. బ్యాడ్గికి రంగే ఆకర్షణ. ఎవరు దేనికి కొంటున్నారో తెలిస్తేనే పెరిగే గిరాకీ అంతుపడుతుంది.

2016 ఏప్రిల్‌ 14న ప్రారంభమైన ఈ-నామ్‌లో అనుసంధాన యార్డుల ధరలు సెల్‌ఫోన్‌లోనే కనిపిస్తాయి. ఎగుమతుల లెక్కలను స్పైసెస్‌ బోర్డు వెలువరిస్తోంది. ఎవరివి ఎన్ని టిక్కీలు, ఏ శీతల గిడ్డంగిలో ఉన్నాయో సంఘ సభ్యులందరూ ఒకే గూగుల్‌ షీట్‌లో నమోదు చేసుకుంటే కొనుగోలుదారుకు ఒకేసారి పెద్ద సరుకు చూపవచ్చు. పది టిక్కీలతో ఒంటరిగా వెళ్లే రైతుకు బేరమాడే బలం ఎక్కడిది? అయితే తేమ, తాలు శాతం ఉన్నదున్నట్లు రాయాలి. లేకుంటే మొదటి లారీతోనే నమ్మకం పోతుంది.

వాట్సప్‌లో తిరిగే ధర తరచూ ఆ రోజు పలికిన గరిష్ఠ ధరే. ఎక్కువ సరుకు అమ్ముడైన ధర ఈ-నామ్‌, అగ్‌మార్క్‌నెట్‌ పట్టికల్లో ‘మోడల్‌’ గడిలో ఉంటుంది.