ఇంటి భాష ఒకటి.. పాట భాష ఒకటి

బ్రూస్‌పేట (బళ్లారి): ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ.. బ్రూస్‌పేటలో ఇది మామూలే. 'ఏ భాషా సరిగా రాదు' అన్న దెప్పులూ మామూలే. మరి అమ్మ భాష కాని భాషలో పాడి, విదేశీ కంపెనీ చేత ఆల్బమ్ వేయించుకోవడం అయ్యే పనేనా? సిక్కిం కుర్రాళ్లు చేసి చూపించారు.

'గిరీష్ అండ్ ది క్రానికల్స్' 2009లో గ్యాంగ్‌టక్‌లో మొదలైన రాక్ బృందం. అక్కడ వీధుల్లో ఎక్కువగా వినిపించేది నేపాలీ. వీళ్లు పాడేది ఇంగ్లిష్. 2022 ఫిబ్రవరిలో వీరి 'హెయిల్ టు ది హీరోస్' ఆల్బమ్‌ను ఇటలీకి చెందిన ఫ్రాంటియర్స్ సంస్థ విడుదల చేసింది.

వింటుంటే 1980ల నాటి క్యాసెట్ పెట్టినట్టే ఉంటుంది. గిటార్లు, డ్రమ్ములు హోరెత్తిస్తాయి. అయినా రాగం చెదరదు, పల్లవి నోట్లో నానుతుంది. గిరీష్ ప్రధాన్ గొంతు పైస్థాయికి వెళ్తే పద్యనాటకాలు చూసినోళ్లకు 'వన్స్‌మోర్' అనాలనిపిస్తుంది. పాత బాణీ అని వాళ్లు నామోషీ పడలేదు.

బళ్లారికి ఇది కొత్తేం కాదు. వకీలుగా పనిచేస్తూనే బళ్లారి రాఘవ (1880-1946) తెలుగు, కన్నడ, ఇంగ్లిష్ మూడింట్లోనూ నాటకాలాడారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లో బళ్లారి మైసూరులో కలిసింది. అయినా ఇళ్లల్లో తెలుగు పోలేదు.

సరిహద్దు పిల్లలకు రెండు భాషలు ఆడుకుంటూనే వస్తాయి. గిటారు పడతామంటే వద్దనకండి. ఏ భాషలో పాడతారో వాళ్లిష్టం.. పాట బాగుంటే చాలు!