కచేరీలో ప్రింటరు, కంప్యూటరు: ఎన్నిక, సంరక్షణ



గ్రామములలో సహకార సంఘమునకుగాని, పాఠశాలకుగాని, దేవాలయమునకుగాని ఏ వస్తువు కొనవలసినను పెద్దలే కూర్చుండి నిర్ణయించుట మన ఆచారము. పూర్వము కచేరీకి చిట్టా, ఆవర్జా, సిరాబుడ్డి, ఇనుపపెట్టె ఉన్న చాలును. ఇప్పుడు వాని స్థానమున కంప్యూటరును, ప్రింటరును వచ్చి చేరినవి. మన రాష్ట్రమున గ్రామ సచివాలయములు 2019 అక్టోబరు 2వ తేదీన ప్రారంభమైనవి. దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును కేంద్రప్రభుత్వము 2022 జూన్ 29వ తేదీన ఆమోదించినది. రైతు అప్పు తీర్చెనని చెప్పు రసీదు నేడు ఈ యంత్రమునుండియే వెలువడుచున్నది. కావున వీని గుణదోషములు పెద్దలకు తెలిసియుండుట ఆవశ్యకము.

ప్రింటర్లు ముఖ్యముగా నాలుగు తెగలు. మొదటిది డాట్ మాట్రిక్సు. ఇందు సన్నని సూదులు రిబ్బనుపై కొట్టగా కాగితముమీద చుక్కలుపడి అక్షరమగును. చప్పుడు హెచ్చు, వేగము తక్కువ. కాని దెబ్బచే అచ్చుపడునది గనుక, నడుమ కార్బను కాగితమును పెట్టి ఒకేమారు రెండు మూడు ప్రతులు తీయవచ్చును. రైతుకొకటి, సంఘమునకొకటి ఇయ్యవలసిన రసీదులకు ఇది తగినది.

రెండవది ఇంకుజెట్టు. ఇది ద్రవరూపమైన సిరాను అతి సూక్ష్మమైన రంధ్రములగుండా చిమ్మును. రంగుల పటములకు ఇది మేలు. అయితే బహుదినములు వాడక ఊరకుంచినచో సిరా యెండి రంధ్రములు పూడిపోవును. వారమున కొక్క పుటయైనను అచ్చువేయుచుండవలెను. సామాన్యమైన ఇంకుజెట్టు సిరా నీటి బొట్టు పడిన అలుకుకొనిపోవునని మరువరాదు.

మూడవది లేజరు. తల దువ్విన దువ్వెన కాగితపు తునుకలను లాగుకొనుట మీరెఱిగినదే. ఆ విద్యుచ్ఛక్తినే ఆధారము చేసికొని, 1938 అక్టోబరు 22వ తేదీన అమెరికాలో చెస్టర్ కార్ల్‌సన్ అనునాతడు పొడితో కాగితముమీద అక్షరములను తీసెను. మనము జిరాక్సు అని పిలుచునది దానినుండి పుట్టినదే. లేజరు ప్రింటరును ఆ మార్గముననే నడచును. టోనరు అను పొడి డ్రమ్మునుండి కాగితముపైకి దిగి, దాదాపు రెండువందల డిగ్రీల వేడిచే కరగి అంటుకొనును. కావున తడికి చెదరదు; నెలలకొలది వాడకున్నను పొడి యెండునన్న భయములేదు. చిరకాలము నిలువవలసిన పత్రములకు ఇది ఉత్తమము.

నాలుగవది థర్మల్ ప్రింటరు. దీనికి సిరాయే లేదు. కాగితమునకు పూసిన మందు వేడికి నల్లబడును. బస్సు టిక్కెట్టునకు ఇది చాలును. కాని యెండకును, వేడికిని, నూనె చేతికిని ఆ అక్షరములు క్రమముగా మాసిపోవును. అప్పు తీర్చిన రసీదు కొన్ని యేండ్లకు తెల్లకాగితమైనచో, రైతు దేనిని చూపి న్యాయమడుగును? అట్టి రసీదు చేతికి వచ్చినచో ఆనాడే జిరాక్సు తీయించి దాచుకొనవలెను.

కొనునప్పుడు ప్రింటరు వెల నొక్కదానినే చూడరాదు. ఆవును కొనువాడు మేత ఖర్చును గూడ లెక్కించును గదా! ఉదాహరణకు, 700 రూపాయల సిరాపెట్టె 350 పుటలు అచ్చువేసినచో పుటకు రెండు రూపాయలు పడును. 1,800 రూపాయల టోనరు 1,500 పుటలు ఇచ్చినచో పుటకు ఒక రూపాయి ఇరువది పైసలు. నెలకు 500 పుటలు వేయు కచేరీకి ఈ భేదము నెలకు 400, ఏడాదికి 4,800 రూపాయలు. చౌకయని కొన్న యంత్రము ఈ విధముగా ప్రియమగును. కంపెనీవారు చెప్పు పుటల సంఖ్య వారి పరీక్షాపుటనుబట్టి వచ్చినది; నల్లని పట్టికలును, ఛాయాపటములును ఉన్నచో అన్ని పుటలు రావు. మరమ్మతు చేయువారును, టోనరును శ్రీకాకుళమువంటి దగ్గరి పట్టణమున దొరకునా అనియు విచారింపవలెను.

ఇక సంరక్షణ. మన సముద్రతీరమున గాలియందు తేమయు, ఉప్పును ఉండును. తేమ తగిలిన కాగితము వంగి యంత్రములో చిక్కుకొనును. కట్టలను నేలపై గాక పెట్టెలో మూతవేసి ఉంచవలెను. కంప్యూటరు లోపలి పంకామీద దుమ్ము పేరుకొనినచో వేడి బయటికి పోక యంత్రము చెడును. ఎర్తు సరిగా ఉన్నదో లేదో ఎలక్ట్రీషియనుచే చూపించవలెను. కంప్యూటరునకు యూపీయస్ ఉండవలెను. కాని లేజరు ప్రింటరును చిన్న యూపీయస్‌కు తగిలింపరాదు. అది పొడిని కరగించుటకు ఒక్కమారుగా హెచ్చు కరెంటు లాగును. దానిని గోడ ప్లగ్గుకే తగిలింపవలెను.

యంత్రము పోయిన మరియొకటి కొనవచ్చును. లెక్కలు పోయిన కొనుటకు దొరకవు. కావున లెక్కలకు మూడు ప్రతులుండవలెను: ఒకటి కంప్యూటరులో, ఒకటి విడి డిస్కులో, ఒకటి వేరొక చోట. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస తీరమును తాకినప్పుడు విద్యుత్ స్తంభములు కూలి పల్లెలు దినములతరబడి చీకటిలోనుండెను. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొన్న ఏమి ఫలము? తుపాను వార్త విన్నవెంటనే ప్రతులు తీసి, తీగలు ఊడదీసి, యంత్రములను ఎత్తైన చోట ఉంచవలెను. కరెంటు తిరిగివచ్చినను నిలకడ చూచి తగిలింపవలెను.

ఎవరెవరో తెచ్చిన పెన్ డ్రైవులను కంప్యూటరునకు పెట్టనీయరాదు. పాస్‌వర్డును గోడమీద వ్రాయరాదు. విండోస్ 10కి సామాన్యమైన రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14వ తేదీతో నిలిచినవి గనుక, దానితో నడచు కంప్యూటర్ల విషయము పెద్దలు విచారింపవలెను. పాత కంప్యూటరును అమ్మునప్పుడు అందలి డిస్కును పూర్తిగా చెరిపింపవలెను. లేనిచో సభ్యుల లెక్కలన్నియు పరులపాలగును.

మన అరసవల్లిలో మార్చి, అక్టోబరు నెలలయందు సూర్యకిరణములు స్వామి పాదములను తాకుట చూచుటకు జనులు వత్తురు. ఆ రెండు నెలలనే గురుతుగా పెట్టుకొని, ఏటికి రెండుమారులు కచేరీ యంత్రములను దుమ్ము దులిపించి, బ్యాటరీని పరీక్షించి, లెక్కల ప్రతి తెరచుకొనుచున్నదో లేదో చూచి, ఆ సంగతిని పుస్తకమున వ్రాయించుడు. తరువాతి సమావేశమున ఆ పుస్తకమును తెప్పించి చూచుట పెద్దల విధి.