మూత తీయొద్దు! కుక్కర్ కేక్ నేర్పిన పాఠం

మాది జైపూర్. రాజస్థాన్ కాదు, 1200 మెగావాట్ల సింగరేణి పవర్ ప్లాంట్ ఉన్న మన మంచిర్యాల జైపూర్.

సాఫ్ట్‌వేర్ జాబ్ మానేసి ఇంటికొచ్చిన నెలలోనే బాపు పుట్టినరోజు. కుక్కర్ అడుగున ఉప్పు పోసి, విజిల్, గ్యాస్కెట్ తీసేసి, సన్న మంట మీద కేక్ పెట్టాను. ఉడికిందా లేదా అని పది నిమిషాలకోసారి మూత తీశాను. మధ్యలో గుంట పడింది!

ఎందుకంటే, పెరుగులో పులుపుకి వంటసోడా కలిస్తే కార్బన్ డయాక్సైడ్ బుడగలొస్తాయి. పిండిని పొంగించేవి అవే. కానీ మైదా, గుడ్డు వేడికి గట్టిపడితేనే ఆ పొంగు నిలుస్తుంది. అంతలోపే మూత తీస్తే వేడి తగ్గి కుంగిపోతుంది. అందుకే మొదటి 30 నిమిషాలు ముట్టుకోవద్దు. తర్వాత టూత్‌పిక్ గుచ్చండి, పిండి అంటకపోతే అయినట్టే.

నైట్ షిఫ్ట్ దిగొచ్చిన బాపు ఆ గుంట కేకే తిని, "నువ్వూ గంతే బిడ్డా, రోజూ మూత తీసి చూసుకుంటున్నవ్" అన్నాడు.

నిజమే. గంటకోసారి వ్యూస్ చూసేవాణ్ని. ధ్యానంలో కూర్చున్నా ఐదు నిమిషాలకే 'మనసు కుదిరిందా' అని చెక్ చేసేవాణ్ని.

జాబ్ మానేయడం రైటో కాదో నాకింకా తెలీదు. మూత మాత్రం తీయట్లేదు. నెక్స్ట్ వీడియోలో కలుద్దాం!