గుండె లయను దిద్దు నాళిక

హృదయమందలి పై గదులైన కర్ణికలును, క్రింది గదులైన జఠరికలును ఒకదాని వెంట నొకటి ముడుచుకొనుచు విచ్చుకొనుచు నుండుటయే మన ప్రాణమునకు ఆధారమైన లయ. ఆ లయ చెడి, కర్ణికలు నిమిషమునకు 350 మొదలు 600 పర్యాయముల వరకు క్రమము లేక వణకసాగిన స్థితిని వైద్యులు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అందురు. వణకెడు గదిలో రక్తము నిలిచి గడ్డకట్టును. ఆ గడ్డ మెదడును చేరినచో పక్షవాతము వచ్చును. ఛాతీ కోయనక్కర లేకయే, తొడ సిరగుండ హృదయములోనికి నడిపిన సన్నని క్యాథెటరుతో ఈ కల్లోలము నణచు చికిత్సయే ఆబ్లేషన్.

ఈ నాళిక హృదయప్రవేశము చేసిన కథ సాహసముతో ఆరంభమగుచున్నది. 1929లో జర్మనీ దేశమందలి ఎబర్స్‌వాల్డ్ పట్టణమున వెర్నర్ ఫోర్స్‌మన్ అను యువవైద్యుడు, పైయధికారి వారించినను వినక, మూత్రవైద్యమున వాడెడు నాళిక నొకదానిని తన చేతి సిరలోనికే 65 సెంటీమీటర్ల మేర చొప్పించుకొని, అది గుండెను చేరిన దని చూపుటకై ఎక్స్-రే గదికి నడచిపోయెను. సజీవహృదయమును తాకరాదను భయము ఆ దినమున సడలెను గాని, లోకము ఆయనను నోబెల్ బహుమానముతో గౌరవించుటకు 1956 వరకు పట్టెను.

తొలినాళ్ల నాళిక పరీక్షకే గాని చికిత్సకు కాదు. 1982లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున మెల్విన్ షైన్‌మన్ మొదలగువారు దానిగుండ బలమైన విద్యుదాఘాతమును పంపి, కర్ణికలనుండి జఠరికలకు వార్త చేర్చు సంధిని ఛేదించిరి. నాడి నెమ్మదించెను, కాని కర్ణికల వణకు అట్లే యుండెను, రోగికి జీవితాంతము పేస్‌మేకరు తప్పకపోయెను. 1987లో జేమ్స్ కాక్స్ అను అమెరికా శస్త్రవైద్యుడు ఛాతీ తెరచి, కర్ణికలను కోసి కుట్టి, విద్యుత్తు త్రోవ తప్పకుండ కట్టడి చేసెను. ఫలితము ఘనమైనదే, ఆ శస్త్రచికిత్స నెందరు తాళగలరు?

అసలైన మలుపు పనిముట్టువలన రాలేదు, చోటు తెలియుటవలన వచ్చినది. ఫ్రాన్సు దేశమందలి బోర్డో నగరమున మిషెల్ హైసగేర్ బృందము 45 మంది రోగుల హృదయములలో ఈ కల్లోలమును రేపు తొలి అకాలస్పందనము లెచ్చట పుట్టుచున్నవో ఓపికతో వెదకి, దొరికిన 69 స్థానములలో 65 స్థానములు పుపుససిరలలోనే యున్నవని 1998లో ప్రకటించెను. ఊపిరితిత్తులనుండి శుద్ధరక్తమును ఎడమ కర్ణికకు తెచ్చు నాలుగు సిరల ముఖద్వారములకడ హృదయకండరపు పోగులు కొంతదూరము సిరలోనికి వ్యాపించి యుండును; నిప్పు అచ్చటనే రాజుకొనుచున్నది. ఇన్నేండ్లుగా గది యంతటిని శిక్షించిన వైద్యము ఇక ద్వారములను కట్టివేసిన చాలునని గ్రహించెను. పిమ్మట వచ్చిన పరికరము లన్నియు ఈ ఒక్క పనికే పోటీపడినవని నా యభిప్రాయము.

రేడియో తరంగముల క్యాథెటరు కణజాలమును 50 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడిచేసి మాడ్చును. ముగ్గు పెట్టు ఇల్లాలు చుక్క ప్రక్కన చుక్క నుంచినట్లు వైద్యుడు సిరద్వారము చుట్టును కాల్చుచు పోవలెను. ఒక్క చుక్క తప్పినను విద్యుత్తు ఆ సందుగుండ వెలికి వచ్చును. మొదట సిరలోపలనే కాల్చిరి; సిరలు ఇరుకైపోగా, వెలుపలికి జరిగి కాల్చుట నేర్చిరి. ఆ నేర్పునకు రోగులు చెల్లించిన మూల్యమును మరువరాదు. శీతలపు బెలూను మార్గము వేరు: ద్వారమును మూసి, లోపల నైట్రస్ ఆక్సైడ్ వ్యాకోచింపగా పుట్టు చలిచేత చుట్టునున్న కండరమును ఒక్కసారిగా వలయాకారమున గడ్డకట్టించును.

వేడియా, చలియా యను వివాదమును ఫైర్ అండ్ ఐస్ అను పరిశోధన 2016లో తీర్చినది. 762 మంది రోగులలో, ఏడాదిలో చికిత్స విఫలమైనవారు బెలూను వర్గమున 34.6 శాతము, రేడియో వర్గమున 35.9 శాతము. రెండును సమానమే. వ్యత్యాసము గెలుపులో లేదు, ఇరుగుపొరుగునకు చేయు హానిలో నున్నది. ఎడమ కర్ణికను వెనుకనుండి ఆనుకొని అన్నవాహిక యున్నది. వేడి దానిని తొలిచినచో, అరుదుగానే యైనను, ప్రాణాంతకము. కుడివైపు సిరల చెంత ఉదరవితానమును నడపు నాడి యున్నది. చలి దానిని మొద్దుబార్చును.

ఈ చిక్కును విప్పవచ్చినదే స్పందిత విద్యుత్‌క్షేత్రము. సెకనులో లక్షలవంతుల కాలము మాత్రమే నిలుచు తీవ్రస్పందనలు కణపు పొరలో రంధ్రములు పొడిచి దానిని నశింపజేయును. హృదయకండరము అల్పక్షేత్రమునకే లొంగును గాన, నాడియు అన్నవాహికయు చాలవరకు తప్పించుకొనును. 2023లో వెలువడిన అడ్వెంట్ పరిశోధనయందు 607 మందిలో ఈ పద్ధతికి 73.3 శాతమును, వేడిచలి పద్ధతులకు 71.3 శాతమును సాఫల్యము కనబడెను. స్విట్జర్లాండున 210 మందికి లయను నిరంతరము లిఖించు పరికరమును చర్మము క్రింద నమర్చి చూడగా, ఏడాదిలో వ్యాధి తిరుగబెట్టినవారు క్రొత్త పద్ధతిలో 37.1 శాతము, బెలూనుతో 50.7 శాతము. నిఘా పెరిగినకొలది పునరాగమనము ఎక్కువగా పట్టుబడుట గమనింపదగినది. క్రొత్త పద్ధతియు నిర్దోషము కాదు: ఎర్రకణములు చిట్లి మూత్రపిండములు దెబ్బతినుటయు, హృదయధమని బిగుసుకొనుటయు అరుదుగా కనబడినవి. అయినను, నిపుణుని చేతిలో నేడు ముందుగా ఎంచదగిన పరికర మిదియే యని నా తీర్పు.

మన దేశమున చాలమందికి ఈ వ్యాధి మరొక త్రోవను వచ్చును. చిన్ననాటి గొంతునొప్పి వెనువెంట రుమాటిక్ జ్వరము వచ్చి, మైట్రల్ కవాటము ఇరుకై, కర్ణిక సాగిపోయినవారికి ముందు కవాటమునకు వైద్యము కావలెను. ఆబ్లేషన్ చేయించుకొన్న వారికొక మనవి: నాడి కుదుటపడినదని రక్తమును పలుచబరచు మందును మీయంతట మీరు మానకుడు. కనీసము రెండు మూడు మాసములు అందరును దానిని వాడవలెను. ఆపైన మీ పక్షవాతపు ముప్పును తూచి వైద్యుడే నిర్ణయింపవలెను.