రెండో సిమ్‌కు చోటు

తీగల కాలంలో ‘లైను’ అన్న మాట కంటికి కనిపించే వస్తువును సూచించేది. ఎక్స్ఛేంజి నుంచి స్తంభాల మీదుగా వచ్చి ఇంటి గోడలో దిగే రాగి తీగల జతనే లైను అనేవారు; ఒకే ఇంటికి రెండో నంబరు కావాలంటే లైన్‌మ్యాన్ వచ్చి రెండో జత లాగవలసిందే. సెల్‌ఫోన్ వచ్చిన తరువాత తీగ పోయి మాట మాత్రం మిగిలింది గాని, ఆ మాట వెనుక ఉన్న వస్తువు మూడు ముక్కలైంది. చందాదారు ఎవరో నెట్‌వర్కుకు రుజువు చేసే గుర్తింపు మొదటి ముక్క, టవరుతో సంభాషించే రేడియో రెండవది, మనిషి గొంతును విద్యుత్తుగానూ విద్యుత్తును తిరిగి ధ్వనిగానూ మార్చే మైకు, స్పీకరు కలిసి మూడవది. ఒకే సిమ్‌కు చోటున్న ఫోనుకు బయటినుంచి రెండో లైను తగిలించడానికి పుట్టిన చిన్నచిన్న పరికరాలన్నీ ఈ మూడింటిని ఎక్కడ విడదీయాలి, ఏ ముక్కను ఫోను దగ్గర అరువు తీసుకోవాలి అన్న ప్రశ్నకు తలా ఒక జవాబు చెప్పాయి.

గుర్తింపును రేడియో నుంచి విడదీసినది సిమ్ కార్డు. మ్యూనిక్ నగరానికి చెందిన గీసెకె అండ్ డెవ్రియెంట్ సంస్థ 1991లో తొలి సిమ్ కార్డులు తయారుచేసి, వాటిలో 300 కార్డులను ఫిన్లాండ్‌లోని రేడియోలింజా అనే నెట్‌వర్కుకు అమ్మింది. అదే ఏడాది జూలై 1న ఆ నెట్‌వర్కు మీద జీఎస్ఎం పద్ధతిలో తొలి వాణిజ్య కాల్ నడిచింది. ఆనాటి సిమ్ నేటి ఏటీఎం కార్డంత ఉండేది. తరువాత 25 మిల్లీమీటర్ల పొడవు, 15 మిల్లీమీటర్ల వెడల్పుకు, ఆపై మైక్రో సిమ్‌గా 15, 12 మిల్లీమీటర్లకు, చివరకు నానో సిమ్‌గా 12.3, 8.8 మిల్లీమీటర్లకు కుంచించుకుపోయింది. పోయినదంతా ప్లాస్టిక్కే, బంగారు రంగు రేకు కింద అంటించిన చిప్పు చేసే పని మారలేదు.

ఆ చిప్పులో రెండు ముఖ్యమైన సంగతులు దాగి ఉంటాయి. ఒకటి సాధారణంగా 15 అంకెలుండే చందాదారు సంఖ్య. ఇది అందరికీ చెప్పుకునే ఫోన్ నంబరు కంటే వేరు; భారతీయ నెట్‌వర్కుల విషయంలో ఇది 404తో గాని 405తో గాని మొదలై, ఆ వెంటనే వచ్చే అంకెల్లో కంపెనీని, సర్కిలును తెలుపుతుంది. రెండవది 128 బిట్ల రహస్య సంఖ్య. ఇది సిమ్‌లోనూ, నెట్‌వర్కు వారి భద్రమైన కంప్యూటరులోనూ తప్ప మూడోచోట ఉండదు, సిమ్ దాన్ని ఎవరికీ బయటపెట్టదు. నెట్‌వర్కు ఏదో ఒక సంఖ్యను విసిరితే, సిమ్ దాన్ని తన రహస్యంతో కలిపి లెక్కకట్టి జవాబు పంపుతుంది. అవతల కట్టిన లెక్కతో అది సరిపోతే మనిషి అసలువాడేనని తేలుతుంది. ఫోను ఈ వ్యవహారంలో కేవలం టపా మోసే మనిషి. సిమ్ ఎక్కడుందన్నది నెట్‌వర్కుకు పట్టదు, జవాబు సరిగా రావడమే దానికి కావాలి. రెండో లైను పరికరాల బతుకంతా ఈ సందులోనే సాగింది.

రెండో నంబరు కావాలన్న కోరికను కొన్ని నెట్‌వర్కులు ముందే కనిపెట్టాయి. బ్రిటన్‌లో ఆరెంజ్ సంస్థ 1990ల్లోనే ఒకే సిమ్ మీద ‘లైన్ 2’ పేరుతో రెండో నంబరు ఇచ్చేది. అయితే ఆ రెండూ ఒకే కంపెనీ నంబర్లు. వాడకందారు కోరేది ఇంచుమించు ఎప్పుడూ దానికి విరుద్ధం. ఒక కంపెనీ ధర నచ్చనప్పుడు రెండో కంపెనీకి మారే వీలు అతనికి కావాలి. భారతదేశంలో ఈ అవసరం మరీ ముదిరింది. దేశాన్ని సర్కిళ్లుగా పంచి, సర్కిలు సరిహద్దు దాటితే రోమింగ్ రుసుము వేసిన రోజుల్లో, హైదరాబాదు నుంచి బెంగళూరుకు తరచుగా తిరిగే వర్తకుడికి రెండు ఊళ్ల సిమ్‌లు ఉంచుకోవడమే లాభం. (రాష్ట్రం 2014లో రెండుగా విడిపోయినా టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకే సర్కిలుగా మిగిలాయి గనుక ఆ సరిహద్దు దగ్గర మాత్రం ఈ బాధ లేదు.) 2003లో ఇన్‌కమింగ్ కాల్స్ ఉచితం కావడంతో, పాత నంబరును వచ్చే కాల్స్ కోసం అలాగే అట్టిపెట్టి, చౌకగా దొరికిన కొత్త సిమ్‌తో బయటికి మాట్లాడడం ఇంటింటి పొదుపు పద్ధతి అయింది. నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే సదుపాయం దేశమంతటికీ అందినది 2011 జనవరిలో. అప్పటిదాకా కంపెనీ మారడమంటే బంధువర్గమంతటికీ కొత్త నంబరు చెప్పుకోవడమే.

ఈ అవసరానికి దొరికిన తొలి జవాబు అతి చౌకైనది, అతి మొరటైనది. సిమ్ ఆకారంలోనే ఉండే పలుచని అడాప్టరు ఒకటి అంగళ్లలో అమ్మేవారు. రెండు సిమ్‌లను తెచ్చి, రేకు చుట్టూ ఉన్న ప్లాస్టిక్కును కత్తెరతో రేకు అంచు దాకా కత్తిరించి, ఆ రెండు ముక్కలను అడాప్టరులోని గళ్లలో పక్కపక్కన ఇరికించి, మొత్తాన్ని ఒకే సిమ్‌లా ఫోనులోకి తోసేవారు. కత్తెర వెంట్రుకవాసి లోపలికి పోతే రేకు కింది చిప్పు పగిలి సిమ్ పనికిరాకుండా పోయేది. బొద్దుగా కోస్తే లోపలికి దూరేది కాదు, దూరినా బయటికి వచ్చేది కాదు. అందుకే గోళ్లు అరగదీసే ఆకురాయి ఈ పనికి అక్కరకు వచ్చేది.

అంత కష్టపడి చేసినా అది చూపించే విద్య ఒకటే. సిమ్ రేకు మీద ఎనిమిది దాకా గళ్లు కనిపిస్తాయి. వాటిలో ఒకటి విద్యుత్తుకు, ఒకటి భూమికి, ఒకటి లయ తప్పకుండా నడిపే గడియారపు స్పందనకు, ఒకటి చిప్పును మొదటినుంచి మొదలుపెట్టించడానికి, ఒకే ఒక్కటి రెండు వైపులా సమాచారం పోవడానికి ఉపయోగపడతాయి. అడాప్టరు ఈ గళ్లను రెండు చిప్పుల మధ్య మార్చే స్విచ్చు మాత్రమే. ఫోన్ ఆపి మళ్లీ వేసిన ప్రతిసారీ స్విచ్చు పక్క చిప్పుకు తిరిగేది, ఫోను తన సిమ్ మారిందనుకునేది. తరువాతి రకాలు ఇంకొంచెం తెలివైనవి. సిమ్ తనంతట తాను ఫోను తెర మీద మెనూ చూపించే వీలును జీఎస్ఎం ప్రమాణమే కల్పించింది. బ్యాలెన్స్, జాతకం, క్రికెట్ స్కోరు అంటూ పాత ఫోన్లలో కనిపించిన కంపెనీ మెనూ అదే. అడాప్టరులో చిన్న ప్రాసెసరు పెట్టి, ఆ మెనూలో ‘సిమ్ మార్చు’ అన్న వరుసను తామే చేర్చి, ఎంచుకోగానే సిమ్‌ను మళ్లీ చదవమని ఫోనుకు ఆజ్ఞ ఇప్పించారు. చెక్ దేశంలో తయారైన టర్బో సిమ్ అనే ఇలాంటి నడిమి చిప్పునే 2007లో కొందరు తొలి ఐఫోన్‌ను వేరే కంపెనీ సిమ్‌తో నడిపించడానికి వాడారు.

మరో దారి కూడా ఉండేది, అది దొంగదారి. చాలా నెట్‌వర్కులు వాడిన కాంప్128 అనే లెక్కింపు పద్ధతిలో లోపం ఉందని 1998 ఏప్రిల్‌లో అమెరికాలో ఇయాన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్ అనే పరిశోధకులు మరికొందరితో కలిసి బయటపెట్టారు. సిమ్‌ను సుమారు లక్షా యాభై వేల సార్లు ప్రశ్నిస్తే, అంటే కొన్ని గంటలపాటు ఓపికగా రీడరులో ఉంచితే, అది ఇచ్చే జవాబుల నుంచే రహస్య సంఖ్యను రాబట్టవచ్చునని తేలింది. ఆ సంఖ్యలను ఖాళీ కార్డులోకి ఎక్కించి, ఒకే కార్డులో పది పన్నెండు నంబర్లు పెట్టుకునేవారు తయారయ్యారు. కంపెనీలు లెక్కింపు పద్ధతిని మార్చిన కొద్దీ ఈ వ్యాపారం వట్టిపోయింది.

కత్తిరించిన సిమ్ అయినా, నకలు సిమ్ అయినా ఒక లోటు తప్పలేదు. ఉన్న రేడియో ఒకటే కావడంతో ఒక నంబరు పని చేస్తున్నంతసేపూ రెండోది స్విచ్ ఆఫ్ అయినట్టే ఉండేది. దీన్ని రేడియో సంఖ్య పెంచకుండానే దాటినవారు చిప్పుల రూపకర్తలు. ఖాళీగా ఉన్న ఫోను టవరును ఎడతెగకుండా వింటూ కూర్చోదు; తనకు కాల్ ఉందేమోనని, జీఎస్ఎంలో అయితే దాదాపు అర సెకను నుంచి రెండు సెకన్ల మధ్య నిర్ణయమైన వ్యవధికి ఒకసారి, కొద్దిసేపు చెవి ఒగ్గి, మిగిలిన కాలమంతా నిద్రపోతుంది. ఆ నిద్రలో రెండో నెట్‌వర్కు పిలుపు కూడా వినవచ్చు. ఒకే రేడియో ఇలా రెండు ఇళ్ల గుమ్మాలకూ వంతులవారీగా వెళ్లి పలకరించి వస్తుంది. ఏదో ఒకచోట మాటల్లో పడితే మాత్రం రెండో ఇంటివారికి అందుబాటులో ఉండదు. డబుల్ సిమ్ ఫోన్లని మనవాళ్లు పిలిచేవాటిలో అత్యధికం ఇప్పటికీ ఈ పద్ధతివే. ఫిన్లాండ్‌కు చెందిన బెనెఫాన్ 2000లోనే రెండు సిమ్‌ల ఫోను తెచ్చినా, ఆ ఆలోచనను పల్లెల దాకా చేర్చినవి మీడియాటెక్ చిప్పులతో వచ్చిన చైనా సెట్లు, వాటి వెంట వచ్చిన మైక్రోమ్యాక్స్, కార్బన్ వంటి భారతీయ పేర్లు. ఇంతలో పేరుమోసిన నోకియా 2010లో తెచ్చిన సీ1-00లో రెండు సిమ్‌లు పడతాయి గాని ఒకసారికి ఒకటే పని చేస్తుంది, మీట నొక్కి పట్టి మార్చుకోవాలి. కత్తెర అడాప్టరు చేసే పనినే అంత పెద్ద సంస్థ అధికారికంగా చేసి అమ్మిందన్నమాట.

ఐఫోన్ మాత్రం 2018 దాకా ఒకే సిమ్‌కు పరిమితమై ఉండడం వల్ల, దాని చుట్టూ మరింత సాహసమైన పరికరాలు పుట్టాయి. 2010లో చైనాలో ఇద్దరు అన్నదమ్ములు యాపిల్ పీల్ 520 అనే తొడుగు తయారుచేశారు. పీల్ అంటే పండు తొక్క. 520 అంకెలను చైనా భాషలో పలికితే ‘నిన్ను ప్రేమిస్తున్నాను’ అన్నట్టు వినిపిస్తుందట. సొంత రేడియో, సిమ్ గూడు, బ్యాటరీ ఉన్న ఆ తొడుగును పాటలు వినే ఐపాడ్ టచ్‌కు తొడిగితే అది ఫోనైపోయేది. అయితే యాపిల్ వేసిన సాఫ్ట్‌వేర్ తాళం పగలగొట్టి అప్లికేషన్ ఎక్కించవలసి వచ్చేది. ఈ తొడుగుతో ఆలోచన ఒక మెట్టు దిగి లోతుకు పోయింది. గుర్తింపు, రేడియో రెండూ పరికరానివే, తెర, వేళ్లకు అలవాటైన మీటలు మాత్రమే అరువు.

దీని తరువాతి రూపం తీగ కూడా లేని బ్లూటూత్ పెట్టె. అగ్గిపెట్టెకు కొంచెం అటూ ఇటూగా ఉండే ఈ పెట్టెను విప్పి చూస్తే తెరా మీటలూ లేని పూర్తి ఫోను కనిపిస్తుంది. సిమ్ గూడు, మోడెం, యాంటెన్నా, బ్యాటరీ అన్నీ ఉంటాయి. ప్రతి సెట్టుకూ ఉండవలసిన 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య కూడా దానికి విడిగా ఉంటుంది. కాల్ వచ్చినప్పుడు పెట్టె టవరుతో మాట్లాడుతూ, ఆ ధ్వనిని సెకనుకు 64 వేల బిట్ల బ్లూటూత్ దారిలో స్మార్ట్‌ఫోనుకు చేరవేస్తుంది. ఇలా రెండు లైన్లూ నిజంగా ఏకకాలంలో బతికి ఉంటాయి. అయితే రెండు రేడియోలు దగ్గర దగ్గరగా ఉండడానికి మూల్యం ఉంది. జీఎస్ఎం ఫోను ధ్వనిని తెంపు లేకుండా పంపదు, 4.615 మిల్లీసెకన్ల చట్రంలో ఎనిమిదో వంతు కాలం మాత్రమే, గరిష్ఠంగా 2 వాట్ల శక్తితో, ఒక్క ఉదుటున పంపుతుంది. సెకనుకు సుమారు 217 సార్లు పడే ఈ ఉదుటులే, కాల్ రాబోయే ముందు పాత ఫోను పక్కన ఉన్న టీవీ స్పీకరులో టకటకమని చప్పుడు పుట్టించేవి. చిన్న బ్యాటరీ ఆ ఉదుటులను భరించాలి, యాంటెన్నా చేతి సంచిలోనో వెనక జేబులోనో నలగాలి. పైగా ఐఫోన్ తన సొంత డయలరులోకి, సందేశాల పెట్టెలోకి బయటి అప్లికేషన్లను రానివ్వదు గనుక, రెండో లైను కాల్స్ వేరే అప్లికేషన్‌లో, సందేశాలు మరో పెట్టెలో చూసుకోవలసి వచ్చేది. ఇంజనీరింగు దృష్టితో ఈ జాతి పరికరాల్లో ఇదే అందమైనది. వాడుకలో ఇదే విసుగెత్తించేది. రోజూ ఛార్జింగు పెట్టవలసిన రెండో వస్తువు మోయడం కంటే చవక ఫోను ఒకటి జేబులో వేసుకోవడం చాలామందికి తేలిక అనిపించింది.

ఇదే పద్ధతి భారతదేశంలో వేరే కారణంగా పెద్ద ఎత్తున అమలైంది. 2016 సెప్టెంబరులో మొదలైన జియో నెట్‌వర్కుకు 2జీ, 3జీ లేవు. మాటలు కూడా 4జీ డేటాగానే పోవాలి. చేతిలో పాత 3జీ స్మార్ట్‌ఫోన్ ఉన్నవారికి ఆ సిమ్ వేసుకునే దారి లేకపోవడంతో, జియోఫై అనే వైఫై పెట్టెలో సిమ్ వేసి, ఫోనులో జియో వారి కాలింగ్ అప్లికేషన్ పెట్టుకుంటే, పాత సిమ్ తన పని చేస్తుండగానే అదే ఫోను నుంచి జియో నంబరు మీద కూడా మాట్లాడే ఏర్పాటు కల్పించారు. అప్పట్లో దాన్ని రెండో లైను పరికరం అని ఎవరూ అనలేదు గాని, బ్లూటూత్ బదులు వైఫై అన్న తేడా తప్ప లోపల జరిగినది అదే.

ఈ పరికరాల అవసరాన్ని చాలామటుకు తీర్చేసినది ఈసిమ్. సిమ్ చిప్పును తయారీలోనే ఫోను పలకకు అతికించి, గుర్తింపును, రహస్య సంఖ్యను నెట్‌వర్కు నుంచి గుప్తలిపిలో దింపుకునే ఈ పద్ధతితో 2018 ఐఫోన్లలో రెండో లైను లోపలికే వచ్చేసింది. 2022 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లలో సిమ్ గూడే లేదు. అక్కడ స్థిరపడి, బ్యాంకు ఓటీపీల కోసం ఇండియా నంబరును బతికించుకుంటున్న తెలుగువారికి ఇది కొత్త చిక్కు. ఆ నంబరును ఈసిమ్‌గా మార్చుకోనంతకాలం, ప్లాస్టిక్ సిమ్ కోసం పాత ఫోను ఒకటి సొరుగులో ఛార్జింగు మీద ఉండవలసిందే.

ఈసిమ్ లేని ఫోన్లకు మరో విచిత్రమైన వస్తువు ఇటీవల అమ్మకానికి వచ్చింది. ఫోను పలకకు అతికించడానికి ఉద్దేశించిన ఈసిమ్ చిప్పును తిరిగి నానో సిమ్ ఆకారపు ప్లాస్టిక్కులో పొదిగి, దానిలో పలు నంబర్లు దింపుకుని, అప్లికేషన్‌లో ఎంచుకున్నదాన్ని నడిపించే కార్డు అది. నంబర్లు ఎన్ని దింపినా సాధారణంగా ఒకసారికి ఒకటే పని చేస్తుంది, మిగిలినవి తమ వంతు వచ్చేదాకా లోపల నిద్రపోతాయి. కత్తెర అవసరం మాత్రం లేదు.