పరాయి పాట, సొంత వరుస: గోదావరి జిల్లాలలో సహశ్రవణ సంప్రదాయం

వ్యాస సంగ్రహం

దేశదేశాల సంగీతం తెలుగు శ్రోతకు ఏ దారుల వెంట చేరింది, ఆ శ్రోత దానిని తోటివారితో ఎలా పంచుకున్నాడు అనే ప్రశ్నలను గోదావరి జిల్లాల నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రంగస్థలం, ప్రార్థనా మందిరం, సంస్థానం, రేడియో అనే నాలుగు వేదికలను తీసుకొని, పరాయి సంగీతం ఇక్కడికి సామూహిక శ్రవణం ద్వారానే వచ్చిందని వివరిస్తుంది. 'మట్టు', 'వరుస', 'బాణీ' అనే పదాలను ఆ శ్రవణానికి మిగిలిన లిఖిత సాక్ష్యాలుగా పరిగణించాలని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సహశ్రవణం, మట్టు, వరుస, నాటక సంగీతం, రవీంద్రుడు, పిఠాపురం, రేడియో సిలోన్.

1. ఉపోద్ఘాతం

తెలుగులో సంగీత చరిత్ర ప్రధానంగా వాగ్గేయకారుల చరిత్రగా, గాయకుల చరిత్రగా సాగింది. ఈ రంగంలో ఆకరగ్రంథమైన 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' రచించిన బాలాంత్రపు రజనీకాంతరావు 1920లో నిడదవోలులో జన్మించారు. ఆ గ్రంథం రచయితల వరుసక్రమాన్ని నిలబెట్టింది. వినేవారి చరిత్ర మాత్రం ఇంకా రాయవలసే ఉన్నది. ఒక పాట ఒక ఊరికి చేరిందంటే, దానిని మొదట విన్నవారు ఒకరుంటారు. విని మరొకరికి వినిపించినవారుంటారు. వినిపించినదానిని తమ మాటలతో మళ్లీ పాడుకున్నవారుంటారు. ఈ మూడు దశలను కలిపి ఈ వ్యాసంలో 'సహశ్రవణం' అని వ్యవహరిస్తున్నాను.

2. మట్టు, వరుస, బాణీ: పరిభాష చెప్పే చరిత్ర

పాత నాటకాల పుస్తకాలలోనూ, పాటల పుస్తకాలలోనూ పాటకు పైన 'ఫలానా పాట మట్టు' అనో 'ఫలానా వరుస' అనో అచ్చువేయడం పరిపాటి. రాగతాళాల పేర్లు సంగీతజ్ఞునికి చాలు. సంగీతం నేర్వని చదువరికి మాత్రం తనకు ముందే తెలిసిన మరో పాటే ఆధారం. అంటే ఈ శీర్షిక, పాఠకుడు ఏమేమి విని ఉంటాడో ప్రకాశకుడు వేసిన అంచనా. ఒక హిందుస్తానీ పాటనో, పార్శీ నాటకపు పాటనో మట్టుగా చూపారంటే, ఆ పాట అప్పటికే ఆ ప్రాంతపు శ్రోతలలో చలామణిలో ఉన్నదని అర్థం.

ఈ పదాల అర్థచ్ఛాయలు కూడా గమనింపదగినవి. 'మట్టు'కు హద్దు, పరిమాణం అనే అర్థాలున్నాయి. కొత్త మాటలు పాత కొలతలో ఇమడాలి. 'వరుస'కు క్రమం అనే అర్థంతోపాటు బంధుత్వం అనే అర్థమూ ఉన్నది. ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పడానికి మనం వరుస అడుగుతాం. పాటకు వరుస చెప్పడమంటే దానికి చుట్టరికం చెప్పడమే. ఈ అన్వయం వ్యుత్పత్తి నిర్ణయం కాదు. వాడుక సూచించే భావన మాత్రమే. 'బాణీ' అనే మాట హిందుస్తానీ ధ్రుపద సంప్రదాయపు పరిభాషలోనూ ఉన్నది. పరాయి పాటను చుట్టంగా కలుపుకొనే తీరు ఈ పరిభాషలోనే కనబడుతుంది.

3. రంగస్థలం: ధార్వాడ నుంచి రాజమహేంద్రవరానికి

1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం రాజమహేంద్రవరం వచ్చి ప్రదర్శనలిచ్చింది. వారు వెళ్లిపోయిన తరువాత ఆ పందిళ్లనే ఉపయోగించుకొని కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులచేత తెలుగు నాటకాలు ఆడించారు. తెలుగు నాటక చరిత్రలో తరచుగా ఉదహరించే ఈ ఘటనను శ్రోత వైపునుంచి కూడా చదవవచ్చు. భాష తెలియని ప్రదర్శనలో ప్రేక్షకునికి పట్టుబడేవి అభినయం, సంగీతం. అర్థం అందని చోట రాగం అందింది. ఆ అందినదానికి తెలుగు మాటలు కూర్చాలన్న కోరికనుంచే మట్టు పాటల ఒరవడి బలపడిందని భావించవచ్చు.

ఈ రంగస్థలానికి ఆధారమైన హార్మోనియం కూడా దూరదేశపు వస్తువే. 1842లో పారిస్ నగరంలో అలెగ్జాండర్ డిబెన్ పేటెంటు పొందిన ఈ వాద్యం, కలకత్తాలో చేతితో వాయించే చిన్న పెట్టెగా మారి దేశమంతటా వ్యాపించింది. పౌరాణిక నాటకంలో పద్యానికి శ్రుతి నిలిపేది అదే. ఆకాశవాణి మాత్రం దీనిని భారతీయ సంగీతానికి తగనిదిగా భావించి 1940 నుంచి 1971 వరకు తన ప్రసారాలలో నిషేధించింది. పల్లెలో రాత్రంతా పద్యానికి తోడు నిలిచిన వాద్యానికి రేడియోలో చోటు లేకపోయింది. ఏది స్వదేశీయం, ఏది విదేశీయం అనే నిర్ణయం సంస్థకూ శ్రోతకూ ఒకటి కాదని ఈ ఉదాహరణ చెబుతున్నది.

4. ప్రార్థనా మందిరం: మరొక ద్వారం

1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ అనే మిషనరీలు ఇంగ్లండు నుంచి వచ్చి నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. వారి రాకతో ఐరోపా కీర్తనల స్వరాలు డెల్టా గ్రామాలకు చేరాయి. తెలుగు క్రైస్తవ కీర్తనల పుస్తకాలలో రెండు ధోరణులు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి, ఇంగ్లీషు స్వరానికి కూర్చిన అనువాద గీతాలు. రెండవది, పురుషోత్తమ చౌదరి వంటివారు రాగతాళాలతో రచించిన స్వతంత్ర కీర్తనలు. ఒకే సమాజం, ఒకే ఆరాధనలో, రెండు భిన్న సంగీత వ్యవస్థలను వింటూ పాడుతూ వచ్చింది.

ఈ అంశానికి సామాజిక ప్రాముఖ్యం ఉన్నది. సంస్థాన కచేరీలకూ గానసభలకూ దూరంగా ఉంచబడిన దళితవాడలకు సామూహిక గానం, అందులో భాగంగా ఐరోపా స్వరం, ఈ మందిరాల ద్వారా అందింది. ప్రపంచ సంగీతం గోదావరి సీమకు ఒకే ద్వారం గుండా రాలేదు. ఏ ద్వారం ఎవరికి తెరచి ఉన్నదన్నది శ్రవణ చరిత్రలో విడదీయరాని ప్రశ్న. ఈ వేదికను విడిచిపెట్టి రాసే చరిత్ర సభాసదుల చరిత్రగానే మిగులుతుంది.

5. పిఠాపురం, శాంతినికేతనం: ఇచ్చిపుచ్చుకోళ్లు

వంగదేశంతో గోదావరి జిల్లాలకు ఏర్పడిన బంధం బ్రహ్మసమాజం ద్వారా బలపడింది. రాజమహేంద్రవరంలో వీరేశలింగం, కాకినాడలో రఘుపతి వేంకటరత్నం నాయుడు, వారికి అండగా పిఠాపురం మహారాజా ఈ బంధానికి ఆలంబనంగా నిలిచారు. ఆ వాతావరణంలో పెరిగిన దేవులపల్లి కృష్ణశాస్త్రి కవిత్వంపై రవీంద్రుని ప్రభావం సుప్రసిద్ధం.

ఈ ప్రభావం ఒకవైపునుంచే సాగలేదు. 1910ల చివర రవీంద్రుడు పిఠాపురం వచ్చినప్పుడు ఆస్థాన వైణికుడు తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వీణ విని ముగ్ధుడయ్యారు. అనంతరం ఆయనను శాంతినికేతనానికి రప్పించుకున్నారు. కవిత్వం ఉత్తరాన్నుంచి దక్షిణానికి వచ్చిందని చెప్పే సాహిత్య చరిత్ర, వీణ దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్లిన సంగతిని కూడా చెప్పవలసి ఉన్నది. ఇదే కాలంలో, 1919లో, మదనపల్లెలో రవీంద్రుడు పాడిన 'జనగణమన'ను ఐర్లండులో సంగీతం అభ్యసించిన మార్గరెట్ కజిన్స్ విని స్వరలిపిలో పెట్టారు. బెంగాలీ గీతాన్ని ఐరిష్ వనిత తెలుగునేలపై పాశ్చాత్య లిపిలో నిలిపింది. సహశ్రవణానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం అరుదు.

రాజమహేంద్రవరంలో జన్మించిన టంగుటూరి సూర్యకుమారి ఈ పరంపరను మరింత దూరం తీసుకువెళ్లారు. తెలుగువారికి దేశభక్తి గీతాల గాయనిగా పరిచితురాలైన ఆమె 1961లో న్యూయార్కులో రవీంద్రుని 'ది కింగ్ ఆఫ్ ది డార్క్ ఛాంబర్' నాటకంలో రాణి పాత్ర ధరించారు. తరువాత లండనులో స్థిరపడి భారతీయ కళలను అక్కడివారికి పరిచయం చేశారు.

6. రేడియో: కోరి వినడం, కలిసి వినడం

1938లో మద్రాసు, 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రాలు ప్రారంభమయ్యాయి. 1952లో కేంద్రమంత్రి బి.వి.కేస్కర్ విధానాల ఫలితంగా ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు కుంచించుకుపోయింది. శ్రోతలు ముల్లును కొలంబో వైపు తిప్పారు. రేడియో సిలోన్ హిందీ ప్రసారాలతోపాటు తెలుగు ప్రసారాలూ నిర్వహించింది. వాటి వ్యాఖ్యాత మీనాక్షీ పొన్నుదురై గొంతు తెలుగునాట ఇంటింటికీ పరిచితమైంది. 1957 అక్టోబరు 3న వివిధభారతి ఆవిర్భవించడానికి సిలోన్‌కు తరలిపోయిన శ్రోతలే ప్రధాన కారణం. విధానాన్ని మార్చినది శ్రోతల మౌన నిర్ణయం.

రేడియో కొనాలంటే ధనం కావాలి. ఉంచుకోవాలంటే అప్పట్లో పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టవలసి వచ్చేది. అందువల్ల కాఫీహోటలు, పంచాయతీ కార్యాలయం, కలిగినవారి అరుగు శ్రవణ కేంద్రాలయ్యాయి. ఉత్తరం రాసి పాట కోరడం, పాటకు ముందు కోరినవారి పేర్లూ ఊళ్లూ చదవడం మరొక ముఖ్యమైన పద్ధతి. తన పేరు వినబడిన శ్రోతకు ఎన్నడూ చూడని తోటి శ్రోతల పేర్లూ వినబడేవి. ఒకే పాటను ఇష్టపడిన అపరిచితుల సమూహం ఆ కొన్ని క్షణాలలో రూపొందేది.

ఈ తరంగాలపై గోదావరి బాణీలు బయటికీ వెళ్లాయి. కాకినాడ రంగస్థలంనుంచి వచ్చిన పి.ఆదినారాయణరావు 'సువర్ణసుందరి' చిత్రానికి కూర్చిన రాగమాలికను తెలుగులో ఘంటసాల, జిక్కి, హిందీలో లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ పాడారు. సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్ రాగాల ఆ కూర్పు హిందుస్తానీ సంగీతాన్ని విని తనదిగా చేసుకున్న తెలుగు స్వరకర్త హిందీ శ్రోతలకు తిరిగి ఇచ్చిన కానుక.

7. పరిశోధకుల కర్తవ్యం

ఈ చరిత్రకు ఆధారాలు మూడు చోట్ల ఉన్నాయి. మొదటివి ముద్రిత ఆధారాలు. రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం వంటి చోట్ల ఉన్న నాటక పుస్తకాలలోని మట్టు శీర్షికలను సేకరించి, పట్టికగా కూర్చి, కాలక్రమంలో పరిశీలించాలి. పునర్ముద్రణలలో ఈ శీర్షికలను అనవసరమని తొలగించడం సాక్ష్యనాశనమే అవుతుంది. రెండవది, ఆకాశవాణి కార్యక్రమ పత్రిక 'వాణి' సంచికలు. మూడవది, అత్యంత విలువైనది, శ్రోతల జ్ఞాపకం. 1950లలో సిలోన్ విన్న యువతరం నేడు ఎనభై ఏళ్లు దాటినవారు. వారు ఎక్కడ, ఎవరితో కూర్చొని విన్నారు, ఎవరిని కూర్చోనివ్వలేదు, భాష తెలియని పాటలో ఏమి విన్నారు అనే ప్రశ్నలకు జవాబులు ఏ గ్రంథంలోనూ దొరకవు. ఎం.ఏ. స్థాయి ప్రాజెక్టులుగానైనా ఈ ముఖాముఖీలను వెంటనే చేపట్టవలసి ఉన్నది.

8. ముగింపు

గోదావరి జిల్లాల శ్రోత పరాయి సంగీతాన్ని పందిట్లో, మందిరంలో, సంస్థానంలో, అరుగుమీద, నలుగురితో కలిసి విన్నాడు. విన్నదానికి వరుస కలిపి చుట్టాన్ని చేసుకున్నాడు. తనదైన వీణనూ గొంతునూ స్వరాన్నీ బయటికి పంపాడు. ఆ వేదికలన్నీ అందరికీ సమానంగా తెరచి లేవన్నది కూడా ఈ చరిత్రలో భాగమే. నేడు ఎవరి చెవిలో వారి పాట వినిపిస్తున్న కాలంలో పాటకు వరుస చెప్పే అలవాటు తగ్గుతున్నది. ఎవరు వినిపిస్తే విన్నామో నమోదు చేసుకొనే చోటే శ్రవణ చరిత్ర మొదలవుతుంది.